చప్పట్లు కొట్టినవాళ్ల గురించి రాసేముందు

ఫ్రీమాంట్
ఆదివారం

బాబూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. నీకు రాయడం వచ్చు, దాని గురించి టెన్షన్ పడకు. మిల్వాకీ బేస్‌బాల్ స్టేడియం పార్కింగ్‌లో జనం స్వెటర్లేసుకుని సాసేజ్‌లు కాల్చుకునే పేరా చదువుతుంటే ఆ పొగ వాసన నాకూ వచ్చింది. అయినా ఈ వ్యాసాన్ని ఇలాగే అచ్చుకి పంపొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

"డ్రగ్స్ వాడిన ఆటగాడికి లేచి నిలబడి చప్పట్లు కొట్టే జనానికి నీతి లేదు" అని మొదటి పేరాలోనే తేల్చేశావు. తర్వాత ఆరు పేజీలూ ఆ తీర్పుకి సాక్ష్యాలే. తీర్పు ముందే వినేశాక సాక్ష్యాలు ఎవరు చదువుతారు?

ముందు చిన్న విషయాలు. "డ్రగ్స్" అనే మాట మార్చు. మన పాఠకుడికి ఆ మాట వినగానే గంజాయి, కొకైన్ గుర్తొస్తాయి. పత్రికల్లో వాడే "ఉత్ప్రేరకాలు" ఉంది, లేదా నేరుగా "స్టెరాయిడ్స్" అను. కండ పెంచుతాయి, నిన్నటి అలసట నుంచి ఒంటిని తొందరగా కోలుకునేలా చేస్తాయి, ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడేవాడికి అది ఎంత పెద్ద సాయమో ఒక వాక్యంలో చెప్పు. అలాగే, మన హీరోల కటౌట్లకు పాలాభిషేకం చేసే అభిమానులతో మొదలుపెట్టావు. అది తీసెయ్. తెలియని ఆటని దగ్గర చేద్దామనే నీ ఉద్దేశం అర్థమైంది. కానీ ఆ పోలిక చదివిన పాఠకుడు బెజవాడ థియేటర్ ముందే ఆగిపోతాడు, మిల్వాకీ దాకా రాడు. హోమ్ రన్ అంటే బంతిని గాల్లోనే కంచె దాటించడం, మన సిక్సర్ లాంటిదే కానీ చాలా అరుదు, సీజన్ మొత్తం ఆడి 40 కొడితే గొప్ప. ఇంత చెబితే చాలు.

ఇక అసలు సంగతి. "1998లో అభిమానులు మోసపోయారు" అని రాశావు. ఆ వాక్యం కింద గట్టిగా గీత గీశాను.

ఆ వేసవి నాకు బాగా గుర్తుంది. 1994లో ఆటగాళ్ల సమ్మెతో ఏటా విజేతని తేల్చే ఫైనల్, వరల్డ్ సిరీసే రద్దయింది. జనం మనసు విరిగిపోయింది. నాలుగేళ్ల తర్వాత మార్క్ మెగ్వైర్, సామీ సోసా పోటీపడి హోమ్ రన్లు కొడుతుంటే, ఆటకి దూరమైనవాళ్లు మళ్లీ టీవీల ముందుకు వచ్చారు. 1961లో రోజర్ మారిస్ ఒకే సీజన్‌లో కొట్టిన 61 హోమ్ రన్ల రికార్డు మీద అందరి కళ్లూ. సెప్టెంబర్ 8న సెయింట్ లూయిస్‌లో మెగ్వైర్ 62వది కొట్టినప్పుడు ఎదుటి జట్టులో ఉన్న సోసా పరిగెత్తుకొచ్చి కావలించుకున్నాడు. మెగ్వైర్ గ్యాలరీ దగ్గరికి వెళ్లి మారిస్ కొడుకుల్ని హత్తుకున్నాడు. ఏడవనివాళ్లు తక్కువ. సీజన్ ముగిసేసరికి మెగ్వైర్ 70, సోసా 66.

కానీ అంతకు కొన్ని వారాల ముందే, ఆగస్టులో, అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి స్టీవ్ విల్‌స్టీన్ మెగ్వైర్ లాకర్‌లో ఒక సీసా చూశాడు. ఆండ్రోస్టెన్‌డయోన్. ఒంట్లోకి వెళ్లాక టెస్టోస్టెరాన్‌గా మారే పదార్థం. ఒలింపిక్స్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో అప్పటికే నిషేధం. బేస్‌బాల్‌లో లేదు, షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు. సీసాని దాచలేదు, అరలోనే పెట్టుకున్నాడు. వార్త దేశమంతా వచ్చింది. అప్పుడు జనం కోపం ఎవరి మీదకి మళ్లిందో తెలుసా? విలేకరి మీదకి. లాకర్‌లోకి తొంగి చూడటానికి నువ్వెవరని అడిగారు. జట్టు మేనేజర్ టోనీ లా రూసా కూడా ఆ వార్తాసంస్థ మీదే మండిపడ్డాడు.

ఇప్పుడు చెప్పు, "మోసపోయారు" అనే మాట సరిపోతుందా? సీసా పేరు అందరూ పేపర్లో చదివారు. చదివి, పేపర్ మడిచి, ఆ సాయంత్రం మళ్లీ మ్యాచ్ పెట్టుకున్నారు. సమ్మె చేసిన గాయం అప్పుడే మానుతోంది, దాన్ని ఎవరూ కెలకనివ్వలేదు. మెగ్వైర్ తాను స్టెరాయిడ్స్ వాడానని 2010లో ఒప్పుకున్నప్పుడు "మమ్మల్ని మోసం చేశాడు" అన్నవాళ్లలో ఆ పేపర్ చదివినవాళ్లు బోలెడుమంది ఉంటారు. నీ వ్యాసంలో ఈ ఇద్దరూ ఒకే మనిషిగా కనిపించాలి, 1998 మనిషి, 2010 మనిషి. ఎవరికి ఏ రోజున ఎంత తెలుసో తేదీ వేసుకుని రాయి. నేను ఏది రాసినా ముందు ఒక కాగితం మీద అదే వేసుకుంటాను.

మా శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకి ఆడిన బారీ బాండ్స్ గురించి నువ్వు రాసిన పేజీలో పెద్ద తప్పుంది. "స్టెరాయిడ్స్‌తో దొరికి సస్పెండ్ అయిన బాండ్స్" అన్నావు. స్టెరాయిడ్స్ కేసులో బేస్‌బాల్ ఆయన్ని ఒక్క మ్యాచ్‌కి కూడా సస్పెండ్ చేయలేదు. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఆటగాళ్లకి ఉత్ప్రేరకాలు అందించిన బాల్కో అనే ల్యాబ్ మీద దాడులు జరిగాయి. కేసు పెట్టాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు ఆయన చెప్పినది బయటికి పొక్కి పత్రికలో వచ్చింది. ట్రైనర్ ఇచ్చింది వాడాను, అవిసె గింజల నూనె అనుకున్నాను అని. 2011లో న్యాయానికి అడ్డుపడ్డాడని జ్యూరీ తేల్చింది, 2015లో అప్పీల్ కోర్టు దాన్నీ కొట్టేసింది. వాడాడని నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకాన్ని కోర్టు తీర్పులా రాయలేను. నువ్వూ రాయకు.

నేను 2007 ఆగస్టు 7 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో స్టేడియంలోనే ఉన్నాను. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్లు. వాడి గది తలుపు మీద బాండ్స్ పోస్టర్ ఉండేది. మావి పై అంతస్తులో సీట్లు, సముద్రం గాలికి వణుకుతున్నాం. ఐదో ఇన్నింగ్స్‌లో మైక్ బాక్సిక్ వేసిన బంతి కుడివైపు జనంలోకి వెళ్లి పడింది. బాండ్స్ కెరీర్‌లో 756వ హోమ్ రన్. హ్యాంక్ ఆరన్ 755 రికార్డు దాటింది. కొంతసేపటికి పెద్ద తెర మీద ఆరన్ మొహం కనబడింది. ఆయన రాలేదు, ముందే రికార్డ్ చేసిన అభినందన అది. బేబ్ రూత్ రికార్డుకి దగ్గరవుతున్న రోజుల్లో, నల్లవాడన్న ఒక్క కారణానికి, చంపుతామని ఉత్తరాలు అందుకున్న మనిషి ఆయన. ఆ మొహం చూసి స్టేడియం ఒక్క క్షణం సద్దుమణిగింది. తర్వాత బాండ్స్ చనిపోయిన తన తండ్రిని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

మా వాడు నా చెయ్యి లాగి, "అమ్మా, మనం క్లాప్స్ కొట్టొచ్చా?" అని అడిగాడు.

బాండ్స్ చీటర్ అని స్కూల్లో ఎవరో అన్నారట. నేను జవాబు చెప్పలేదు. చప్పట్లు కొట్టాను. నన్ను చూసి వాడూ కొట్టాడు.

అంతకు మూడు రోజుల ముందు శాన్ డియాగోలో ఆయన 755వది కొట్టి రికార్డు సమం చేసినప్పుడు బేస్‌బాల్ కమిషనర్ బడ్ సెలిగ్ లేచి నిలబడ్డాడు, చేతులు మాత్రం జేబుల్లోనే ఉన్నాయి. అదే శాన్ డియాగోలో అంతకుముందు ఏడాది ఎవరో మైదానంలోకి సిరంజి విసిరారు. బాండ్స్ తనే దాన్ని తీసి పక్కన పెట్టాడు. మరి మా ఊరివాళ్లకి ఎందుకు అలా అనిపించలేదు? 1992లో ఈ జట్టు ఫ్లోరిడాకి వెళ్లిపోబోయింది. కొత్త యజమానులు వచ్చి ఆపారు, ఆ చలికాలమే బాండ్స్‌ని తెచ్చారు. ఆయన పదిహేను సీజన్లు ఆడాడు. ఆ మధ్యలోనే బే ఒడ్డున కొత్త స్టేడియం లేచింది. ఆ పదిహేనేళ్లలో పిల్లలు పుట్టారు, తాతలు పోయారు, ఆ సాయంత్రాలన్నిటిలోనూ రేడియోలో ఆయన పేరు వినబడుతూనే ఉంది. ఆయన్ని తీసేయమంటే ఆ సాయంత్రాల్ని కూడా తీసేయమన్నట్టే.

మా ఊరివాళ్లంటే అందర్నీ క్షమించేవాళ్లని అనుకోకు. 2012లో మెల్కీ కబ్రెరా అనే ఆటగాడొచ్చాడు. బ్రహ్మాండంగా ఆడాడు. పేరులో పాలు వినబడుతోందని కుర్రాళ్లు పాలవాళ్ల తెల్లబట్టలు వేసుకుని వచ్చేవాళ్లు. ఆగస్టులో టెస్టోస్టెరాన్‌తో పట్టుబడ్డాడు, 50 మ్యాచ్‌ల సస్పెన్షన్. శిక్ష అయిపోయాక కూడా జట్టు ఆయన్ని వెనక్కి తీసుకోలేదు, ఆయన లేకుండానే వరల్డ్ సిరీస్ గెలిచింది. అడిగినవాళ్లూ లేరు. తెల్లబట్టలు మాయమైపోయాయి. అదే ఊరు, అదే నేరం. కబ్రెరాతో మావాళ్లు గడిపింది ఐదు నెలలు కూడా లేదు. బాండ్స్ జెర్సీ నంబర్ 25ని మాత్రం 2018లో ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెట్టారు. నువ్వు "నీతి లేదు" అని కొట్టేసిన చోట నాకు కనిపించేది ఈ లెక్క. ఇది న్యాయమైన లెక్క అని నేను అనను. కానీ దీన్ని చూడకుండా అభిమాని గురించి రాయడం కుదరదు.

ఆ 756వ బంతి సంగతి నువ్వు అసలు రాయనే లేదు! మార్క్ ఎకో అనే ఫ్యాషన్ డిజైనర్ దాన్ని వేలంలో 7,52,467 డాలర్లకి కొని, ఏం చేయాలో మీరే చెప్పండని జనాన్ని ఓటు అడిగాడు. ఉన్నదున్నట్టు మ్యూజియంకి ఇవ్వాలా, నక్షత్రం గుర్తు వేసి ఇవ్వాలా, రాకెట్‌లో పెట్టి అంతరిక్షంలోకి పంపాలా అని. లక్షలమంది ఓటేశారు. నక్షత్రం గెలిచింది. రికార్డు పక్కన ఆ గుర్తు ఉంటే "దీని వెనక ఒక కథుంది" అని అర్థం. గుర్తు పడ్డ ఆ బంతి 2008లో కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే గొప్ప ఆటగాళ్లని ఎంచి గౌరవించే బేస్‌బాల్ మ్యూజియంకి చేరింది. బంతిని పారేయలేదు, మాఫీ కూడా చేయలేదు, మచ్చతోనే దాచుకున్నారు. దీనికి రెండు పేజీలు ఇవ్వు. హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్ గురించి నువ్వు రాసిన పేజీన్నర ఒక పేరాకి కుదించు. పదేళ్ల గడువు ముగిసిన 2022లో బాండ్స్‌కి 66 శాతం వచ్చాయి, కావాల్సింది 75. అక్కడ ఓటేసేది విలేకరులు, నీ వ్యాసం అభిమానుల గురించి.

ఇంత చెప్పి నేను అభిమానుల వకాల్తా పుచ్చుకున్నానని అనుకోవద్దు. నీ కోపం నాకు ఇష్టం. దాన్ని సరైనచోట పెట్టమంటున్నాను, అంతే. 2005 మార్చి 17న అమెరికన్ కాంగ్రెస్ విచారణలో మెగ్వైర్ గతం గురించి మాట్లాడటానికి రాలేదన్నాడు. అందరూ అదే గుర్తుపెట్టుకున్నారు. అదే రోజు అదే గదిలో ఆటగాళ్ల కంటే ముందు మాట్లాడింది తల్లిదండ్రులు. వాళ్ల అబ్బాయిలు బేస్‌బాల్ ఆడేవాళ్లు, పెద్ద ఆటగాళ్లని చూసి స్టెరాయిడ్స్ మొదలుపెట్టి, చివరికి ఆత్మహత్య చేసుకున్నారు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ల తర్వాత మా వాడు అడిగిన ప్రశ్నకి నా దగ్గర మాట లేకపోవడానికి అదీ ఒక కారణం. అలాగే, ఏ సూదీ తీసుకోకుండా చిన్న లీగుల్లో బస్సుల్లో తిరిగి, పైకి రాలేక ఇంటికి వెళ్లిపోయిన ఆటగాళ్లు. వాళ్లకి చప్పట్లు కొట్టే అవకాశమే ఎవరికీ రాలేదు. నీ ఆరు పేజీల్లో వీళ్లెవరూ లేరు.

మీ ఊరి ఆటగాడు రయన్ బ్రాన్ కథలో కూడా అలాంటి మనిషి ఒకరున్నారు. 2011లో పరీక్షలో దొరికి, నమూనా పంపడంలో జరిగిన ఆలస్యాన్ని ఎత్తిచూపి బ్రాన్ అప్పీల్ గెలిచాడు. గెలిచి, నమూనా తీసుకెళ్లిన ఉద్యోగిని మీడియా ముందు అనుమానించాడు. ఆ మాటల్ని నమ్మినవాళ్లు ఆ ఉద్యోగినే దోషిని చేశారు. 2013లో నిజం ఒప్పుకోక తప్పలేదు, 65 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. 2014 మార్చి 31న సొంత మైదానంలోకి తిరిగొచ్చినప్పుడు మిల్వాకీ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నువ్వు ఆ చప్పట్ల దగ్గర మొదలుపెట్టావు. పని చేసి నింద మోసిన ఆ ఉద్యోగి దగ్గర మొదలుపెట్టి చూడు. పేరు రాయక్కర్లేదు.

మీ ఆఫీసులో ఒక పెద్దాయన ఆ రోజు స్టేడియంలో ఉన్నారనీ, "ఎందుకు చప్పట్లు కొట్టారు?" అని అడిగితే భుజాలెగరేసి వెళ్లిపోయారనీ రాశావు. "ఎందుకు" అని అడిగితే ఎవరైనా సంజాయిషీ ఇచ్చుకోవాలి, లేదా వెళ్లిపోవాలి. ఇంకోసారి వెళ్లు. ఆ రోజు ఆయన పక్క సీట్లో ఎవరున్నారో అడుగు. ఎన్నేళ్ల నుంచి ఆ సీట్లకి వెళ్తున్నారో అడుగు. నమూనా తీసుకెళ్లిన మనిషి గురించి అప్పుడు ఏమనుకున్నారో, ఇప్పుడేమనుకుంటున్నారో కూడా అడుగు. మధ్యలో మాట్లాడకు. ఆయన చెప్పింది రాసుకుని, మిగతా వ్యాసం పక్కన పెట్టి, ఆ ఒక్క పేరా ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ ఆంటీ