మెట్లెక్కడం మానేస్తే ఆయాసం ఎందుకొస్తుంది?

ప్రశ్న: వంశపారంపర్యంగా వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల్లో జీవన నాణ్యత ఎంత తగ్గిందో ఎలా కొలుస్తారు? ఆ స్కోర్లను నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఫారం నింపేది నాలాంటి మనిషి కాకపోతే.

నాకు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం, అంటే ఊపిరితిత్తుల్ని కాపాడే ఒక ప్రోటీన్ రక్తంలో చాలా తక్కువ. మా అన్నయ్యకీ అదే. ఇద్దరిదీ జెడ్‌జెడ్ రకం, అంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి పాడైన జన్యువులే వచ్చాయి. వాళ్లిద్దరూ మాత్రం ఏ ఆయాసమూ లేకుండా బతికారు. ఈ లోపాన్ని స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే ఇద్దరు 1963లోనే పట్టుకున్నారు. రక్త పరీక్షలో మామూలుగా కనిపించాల్సిన ఒక ప్రోటీన్ గీత కొందరిలో కనబడటం లేదని గమనించారు. అది జరిగి అన్నేళ్లయినా నాకు మాత్రం తొమ్మిదేళ్ల పాటు ఆస్తమా అని చెప్పి ఇన్‌హేలర్ల మీద ఇన్‌హేలర్లు మార్చారు. సీఓపీడీ, అంటే గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, అని తేలిన ప్రతి ఒక్కరికీ ఒక్కసారైనా ఈ లోపం కోసం రక్త పరీక్ష చేయాలని మార్గదర్శకాల్లో ఉంది. ఎంతమందికి చేస్తున్నారో మీ చుట్టూ ఉన్నవాళ్లను అడిగి చూడండి. సరే, దాని మీద నా కోపం ఇంకో రోజు చెప్తాను.

అసలు విషయానికొస్తే, నన్ను కొలిచే ఫారం పేరు క్యాట్. ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 40. ఎక్కువ వస్తే పరిస్థితి బాగోలేదని అర్థం. రెండు మార్కులు అటూ ఇటూ అయినా నిజంగా మార్పు వచ్చినట్టే లెక్క. ఆమధ్య ఒక చెకప్‌కి నా కూతురు కూడా వచ్చింది. నర్సు ఇచ్చిన ఫారం ఒళ్లో పెట్టుకుని రెండు నిమిషాల్లో నింపేశాను. 12 వచ్చింది. అంతకుముందు ఏడాది 15. "చూశావా, తగ్గింది" అని దానికి చూపించాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉంది.

అది ఫారం లాక్కుని పై నుంచి కిందికి చదివింది. నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. ఒక అంతస్తు మెట్లెక్కితే ఎంత ఆయాసం వస్తుందన్నది ఆ ప్రశ్న. నేను 1 వేశాను.

"అమ్మా, నువ్వు ఆఖరిసారి మెట్లెప్పుడు ఎక్కావు?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. గుర్తు రాలేదు.

"నీ మంచం కిందికి దించి ఏడాదిన్నర అయింది. నా గది ఇప్పుడు ఏ రంగులో ఉందో చెప్పు చూద్దాం."

చెప్పలేకపోయాను. గోడలకి కొత్త రంగు వేయించుకుందట. ఆ గదిలోకి నేను వెళ్లనే లేదు.

అక్కడితో వదల్లేదు. పెన్ను తీసుకుని నా 1 కొట్టేసి 5 వేసింది. ఇంట్లో పనులకి ఇబ్బంది ఎంత అన్న చోట కూడా నేను 1 వేశాను, ఎందుకంటే పనులన్నీ చేసుకుంటున్నాననే నా ఉద్దేశం. "బట్టలారేసే తాడు నడుము ఎత్తుకి ఎందుకు కట్టించావు? దుప్పట్లు ఆరేసేది ఎవరు?" అని 4 చేసింది. బయటికి వెళ్లే ధైర్యం 2 నుంచి 4, ఓపిక 2 నుంచి 4. దగ్గు, కఫం, ఛాతీ బిగువు, నిద్ర మాత్రం ముట్టుకోలేదు. "అవి నీకే తెలుసు" అంది. మొత్తం 23. పదకొండు మార్కులు తేడా. మనిషిని నేనే, రోజు కూడా అదే, ఫారమూ అదే.

తర్వాత మెల్లగా ఇంకో మాట అంది. "జుట్టు ఊడిపోతోందని జడ కత్తిరించుకున్నావు కదా. జుట్టు ఊడలేదమ్మా. చేతులు పైకెత్తి జడ వేసుకోలేక కత్తిరించావు. అద్దం ముందు రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవడం నేను చూశాను."

ఈ జబ్బున్న వాళ్లకి చేతులు భుజాల పైకెత్తి చేసే పనుల్లో ఆయాసం తొందరగా వస్తుంది, ఎందుకంటే ఊపిరికి సాయం చేసే కండరాలే అప్పుడు చేతుల్ని మోయాల్సి వస్తుంది. ఇది నాకు తెలుసు. పదిమందికి చెప్పాను కూడా. నా జడ విషయంలో మాత్రం జుట్టు ఊడుతోందనే నమ్మాను. అబద్ధం ఆడలేదు, నిజంగానే నమ్మాను. అందుకే ఫారాల్లో అబద్ధాలు రాస్తారు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఊపిరి తగ్గినకొద్దీ మనం జీవితాన్ని దానికి సరిపడా కుదించుకుంటూ పోతాం, కుదించిన జీవితంలో ఆయాసం రాదు. రాలేదనే రాస్తాం.

పెద్ద ఫారం కూడా ఉంది, సెయింట్ జార్జ్ ప్రశ్నావళి. 50 ప్రశ్నలు, 100 మార్కులు, అక్కడ కూడా ఎక్కువ వస్తే చెడ్డ, 4 మార్కుల మార్పుని పట్టించుకోదగ్గదిగా చూస్తారు. బాగా చేసిన ఫారమే, కాదనను. కానీ 2015లో ర్యాపిడ్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి, మా జబ్బుకి ప్రోటీన్ ఎక్కించే చికిత్స మీద. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తి కణజాలం కరిగిపోవడం నెమ్మదించింది. ఈ ఫారం స్కోర్లో మాత్రం మందు తీసుకున్నవాళ్లకీ తీసుకోనివాళ్లకీ మధ్య తేడా తేలలేదు. దాన్ని పట్టుకుని మందు పనిచేయదని కొందరు వాదిస్తారు. నేనైతే కొలబద్ద పనిచేయలేదంటాను. డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు, నా అభిప్రాయం నాది.

మరి ఊదుడు పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది. "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా ఇంకా" అని టెక్నీషియన్ చెవి దగ్గర అరుస్తుంటే కళ్ల ముందు చుక్కలు కనబడతాయి. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో చూస్తారు. నాది ఏడాదిలో 1.48 లీటర్ల నుంచి 1.43కి వచ్చింది, అంటే 50 మిల్లీలీటర్లు. కానీ ఒకే రోజు రెండుసార్లు ఊదితే వాటి మధ్య 150 మిల్లీలీటర్ల దాకా తేడా ఉన్నా పరీక్ష సరిగ్గా చేసినట్టే లెక్క. నా ఏడాది నష్టం ఆ తేడాలోనే మునిగిపోతుంది. కొన్నేళ్ల అంకెలు వరసగా పెట్టి చూస్తేనే ఏమన్నా తెలిసేది.

ఇక వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ గురించి అడక్కండి. చుట్టాలందరికీ అదే కావాలి. "ఎంత చూపిస్తోంది? 95 ఆ? ఇంకేం, బాగానే ఉన్నావు." కూర్చున్నప్పుడు 95. లేచి నడిస్తే ఎంతకి పడుతుందో చూడరు. అందుకే నాకు ఆరు నిమిషాల నడక పరీక్ష మీదే కొంచెం గౌరవం. పొడవాటి వరండాలో ఆరు నిమిషాలు నడవాలి, ఆగొచ్చు, కానీ గడియారం ఆగదు. అక్కడ మొహమాటాలు చెల్లవు. 30 మీటర్లు తగ్గిందంటే తగ్గినట్టే.

మా అన్నయ్య సంగతి వేరు. నాకంటే మూడేళ్లు పెద్ద, ఇరవై ఏళ్లు సిగరెట్లు కాల్చాడు, ఊదుడు పరీక్షలో నాకంటే చాలా తక్కువ. క్యాట్ స్కోర్ మాత్రం 9! ఫోన్ చేసి "నీకెంతొచ్చిందే?" అని పరీక్ష మార్కులు అడిగినట్టు అడుగుతాడు. ఆ వాక్యం పూర్తి చేయడానికి మధ్యలో ఒకసారి ఆగుతాడు. నిరుడు ఆగేవాడు కాదు. నేను ఫోన్లో అవి లెక్కపెడుతుంటాను, ఆయనకి తెలియదు. ఒకే జన్యువులున్నా మా ఇద్దరి దారి ఒకటే కానక్కర్లేదని డాక్టర్ చెప్పారు, సిగరెట్ వల్ల చాలా తేడా ఉంటుందన్నారు. అయినా లెక్కపెడతాను. ఈ భయం ఎంత అని ఏ ఫారమూ అడగలేదు. నా కూతురికి నా నుంచి ఒక పాడైన జన్యువు ఖాయంగా వెళ్లింది, తప్పించే దారి లేదు. వాళ్ల నాన్నని పరీక్ష చేయించేదాకా రెండు వారాలు నేను నిద్రపోలేదు. నిద్ర ప్రశ్నకి ఆ నెల 4 వేశాను, డాక్టర్ రాత్రి దగ్గు ఎక్కువైందా అని అడిగారు.

మీరు అడిగింది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఇంకో వంశపారంపర్య జబ్బు గురించి అయితే దానికి విడిగా సీఎఫ్‌క్యూ-ఆర్ అనే ఫారం ఉంది. చికిత్సకే రోజులో ఎంత సమయం, ఓపిక పోతోందో అందులో అడుగుతారు. ఆ ఒక్క విషయంలో వాళ్లని చూస్తే నాకు అసూయ.

నేను చేసే పని చెప్తాను. ఫారం రెండు కాపీలు అడుగుతాను. ఒకటి నేను, ఒకటి నా కూతురు, ఒకరిది ఒకరు చూడకుండా నింపుతాం. రెండూ డాక్టర్ ముందు పెడతాం. మొదట్లో ఆయన ఇది పద్ధతి కాదమ్మా అన్నారు, ఇప్పుడు ముందు దానిదే చదువుతున్నారు. ఇంకా ఒక నోటు పుస్తకం పెట్టాను, ఏ పని ఏ నెలలో మానేశానో రాయడానికి. మేడ మెట్లు, జడ, దుప్పట్లు, నడుస్తూ ఫోన్ మాట్లాడటం. ఇప్పటికి పదిహేడు ఉన్నాయి.

పోయిన నెల అందులో కొత్త వరస ఒకటి కనిపించింది, నా చేతిరాత కాదు. "గట్టిగా నవ్వడం." నవ్వితే దగ్గు తెర వచ్చి ఆగదు, అంతే, నవ్వడం మానలేదని కొట్టేశాను. మర్నాడు చూస్తే దాని కిందే మళ్లీ రాసి తేదీ వేసింది.