తోట కష్టం తెలిసిన పిల్లకు కంప్యూటర్ చదువు

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. ఐదెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. అమ్మాయి తిరుపతిలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. కంప్యూటర్లు నేర్చుకుని జనానికి పనికొచ్చేది ఏదైనా చేస్తానంటోంది. సేవ అంటూ ఉద్యోగం వదిలేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది సార్. ఏ కోర్సులో చేర్చమంటారు?

జవాబు: అయ్యా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. జనానికి పనికొచ్చే పనికీ జీతానికీ పోట్లాట లేదు. ఆసుపత్రులకూ పాల డెయిరీలకూ ప్రభుత్వ శాఖలకూ లెక్కలు తెలిసి, ప్రోగ్రాం రాయగలిగిన మనిషి కావాలి.

మీ తోట సంగతే తీసుకుందాం. 2025 సీజన్ మీరు మరిచిపోయి ఉండరు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయని ప్రకటించారు. అయినా పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. కోసిన కాయ ఆగదు కదా. ఎండకు పైకాయ మెత్తబడుతుంది, బరువుకు అడుగుకాయ నలిగి ట్రాలీ సందుల్లోంచి రసం కారుతుంది. ఈసారి సీజన్‌లో అమ్మాయి చేతికి ఒక నోటుబుక్ ఇవ్వండి. బండి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు దించారు, ఎన్ని టన్నులు అన్నది వారం రోజులు రాయమనండి. గేటులోకి రోజుకు ఎన్ని బండ్లు పోతున్నాయో తేలిపోతుంది. దాన్ని బట్టి ఏ రైతు ఏ రోజు కోత పెట్టుకోవాలో చెప్పే చిన్న ప్రోగ్రాం రాయవచ్చు. అప్పుడు కాయ గేటు దగ్గర కాకుండా చెట్టు మీదే ఆగుతుంది.

అయితే ఫ్యాక్టరీల్లో నిల్వ ఉన్న పాత గుజ్జు అమ్ముడుపోక కాయ ధర పడితే, దాన్ని ఏ యాప్ కూడా లేపలేదు. కంప్యూటర్ తీర్చే కష్టం ఏది, తీర్చలేనిది ఏది అని విడదీయడం ఈ దారిలో అన్నిటికన్నా ముఖ్యమైన చదువు. తోటలో పెరిగిన మీ అమ్మాయికి అది సగం వచ్చినట్టే.

కంప్యూటర్ జనానికి పనికొచ్చిన ఇంకో సంగతి చెబుతా. 2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు రాజధానికి సరైన వీధుల మ్యాప్ లేదు. దేశదేశాల వాలంటీర్లు ఇళ్లలో కూర్చుని, శాటిలైట్ ఫొటోలు చూసి, ఎవరైనా గీయగలిగే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాప్‌లో వీధులు గీశారు. సహాయ బృందాలు ఆ మ్యాప్‌నే వాడుకున్నాయి. దానికి ప్రోగ్రామింగ్ కూడా అక్కర్లేదు. మీ పల్లె దారులు, చెరువులు గీయడం అమ్మాయి ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.

ఇక కోర్సు. జేఈఈ, ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) రెండూ రాయించండి. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ మనకు ఏర్పేడులోనే ఉంది. ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఎలాగూ ఉన్నాయి. కంప్యూటర్ సైన్సు సీటు రాలేదని తోట తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ సీటు మాత్రం కొనకండి. ఆ పని నాకు అస్సలు నచ్చదు. గణితం, స్టాటిస్టిక్స్‌తో డిగ్రీలో చేర్చి, పక్కనే మద్రాసు ఐఐటీ 2020లో ఆన్‌లైన్లో మొదలుపెట్టిన డేటా సైన్సు డిగ్రీ చేయించవచ్చు. దానికి జేఈఈ తప్పనిసరి కాదు, వాళ్లు పెట్టే అర్హత పరీక్ష పాసైతే చాలు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి విశ్వవిద్యాలయాల నియమాలు చూసే యూజీసీ 2022లోనే ఒప్పుకుంది. వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి కాబట్టి చదువు మాత్రం గట్టిగానే చదవాలి.

నోటుబుక్ పని పరీక్షలయ్యాకే. మొదటి రెండు రోజులు మీరూ గేటు దగ్గర తన పక్కన నిలబడండి. మీరుంటే ట్రాక్టర్ డ్రైవర్లు ఉన్నది ఉన్నట్టు చెబుతారు.