మాల తీసిన సాయంత్రమే మళ్లీ సిగరెట్... ఈసారైనా ఆగుతుందా?

ప్రశ్న: నా వయసు 43. తెనాలిలో హార్డ్‌వేర్ షాపు ఉంది. ఏడేళ్లుగా అయ్యప్ప మాల వేసుకుంటున్నాను. మామూలుగా రోజుకు పది సిగరెట్లు, శని, ఆదివారాల్లో మందు. దీక్షలో 41 రోజులూ రెండూ ముట్టను. ఈసారి నాలుగు కిలోలు తగ్గాను, నిద్ర బాగా పడుతోంది, బీపీ 124/80 ఉంది. జ్యోతి దర్శనం చేసుకొచ్చాం, ఈ వారం మాల తీస్తాను. ఏటా ఆ సాయంత్రానికే అన్నీ మళ్లీ మొదలు. ఈ మార్పు నిలవాలంటే ఏం చేయాలి? రోజూ వేసుకునే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 ఎంజీ ఆపేయొచ్చా?

జవాబు: ముందు సిగరెట్ సంగతి. ఆగుతుందా అని అడుగుతున్నారు గానీ, అది ఆగి 41 రోజులైంది కదండీ! మానేసినప్పుడు వచ్చే చిరాకు, తలనొప్పి మొదటి మూడు రోజులు బాగా ఇబ్బంది పెడతాయి. మూడు నాలుగు వారాలకు చాలావరకు సద్దుమణుగుతాయి. ఆ గండం మీరు డిసెంబర్లోనే దాటేశారు. మాల తీసిన సాయంత్రం సిగరెట్ అడిగేది ఒళ్లు కాదు, అలవాటు. టీ గ్లాసు ఒక చేతిలోకి రాగానే రెండో చెయ్యి చొక్కా జేబు తడుముతుంది. నా పేషెంట్ ఒకాయన మానేసి ఏడాదైనా మాటల మధ్యలో ఖాళీ జేబు తట్టుకుంటూనే ఉంటారు.

మరి దీక్షలో ఆ చెయ్యి జేబు మీదకి ఎందుకు పోలేదు? భక్తి ఉంది, కాదనను. కానీ నల్లబట్టలు కనిపిస్తే ఎదుటివాళ్లే సిగరెట్ పారేస్తారు. 'స్వామీ' అని పిలిచినవాడు మందుకు రమ్మనడు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, పూజ, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, పెందలాడే పడక. ఇక ఖాళీ ఎక్కడిది? 'వద్దు' అనే పని మీకు పడనే లేదు, మీ బదులు మాల అనేసింది. ఈ వారం నుంచి ఆ మాట మీరే అనాలి.

కాబట్టి మాల తీసిన సాయంత్రం ఎక్కడ ఉంటారో ఇవాళే తేల్చుకోండి. పండక్కొచ్చిన బావలూ బామ్మర్దులూ ఇంకా ఊళ్లోనే ఉంటారు. ఈసారి కూర్చోవడం లేదని వాళ్లకి ముందే చెప్పేయండి, ఎగతాళి చేస్తే చెయ్యనివ్వండి. ఇన్నాళ్లు మానేశాక మందుకు తట్టుకునే శక్తి తగ్గుతుంది, పాత లెక్కలో పోసుకుంటే గట్టిగా దెబ్బకొడుతుంది. సంక్రాంతి దాటిన వారం కడుపునొప్పి, వాంతులతో ఓపీకి వచ్చేవాళ్లని ఏటా చూస్తూనే ఉన్నాను. పెందలాడే పడక, రాత్రి అల్పాహారం మాత్రం వదలకండి. టీ కొన్నాళ్లు షాపులో కాకుండా ఇంట్లో తాగండి. 'ఒక్కటే కదా' అని మాత్రం వెలిగించొద్దు. మనసు బాగా లాగితే పొగాకు మానేవారి టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2356కి ఫోన్ చేయండి.

మీకు సంబంధం లేకపోయినా ఒక మాట. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాల కోసం ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం జరగొచ్చు. అలాంటివాళ్లు మాలకు ముందే డాక్టర్‌ని కలవాలి.

ఇక బీపీ మాత్ర. ఆ 124/80 మాత్ర వేసుకుంటుండగా వచ్చిన అంకె, అందులో మాత్ర వాటా కూడా ఉంది. బరువు, తాగుడు తగ్గితే బీపీ తగ్గే మాట నిజమే, అయినా సొంతంగా ఆపొద్దు. ఏడు రోజులు పొద్దున మాత్రకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని చూసుకుని, కాగితం మీద రాసుకోండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే ఆగకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. లేదంటే ఏప్రిల్‌లో మళ్లీ ఏడు రోజులు రాసి, రెండు కాగితాలూ మీ డాక్టర్‌కి చూపించండి. డోసు తగ్గించాలో వద్దో వాటిని చూసి ఆయన చెబుతారు.