యూట్యూబ్ మ్యూజిక్‌లో ఏ ఆడియో ఫైళ్లు ఉచితంగా దాచుకోవచ్చు? మా తాతయ్య హరికథ క్యాసెట్ల అనుభవం

ఇంట్లోని పాత ఆడియోను యూట్యూబ్ మ్యూజిక్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చా, ఏ ఫైళ్లు తీసుకుంటుంది అని అడిగారు. ఎంపీ3, ఎం4ఏ, ఫ్లాక్, ఓజీజీ, డబ్ల్యూఎంఏ తీసుకుంటుంది. లక్ష పాటల దాకా పైసా కట్టక్కర్లేదు. వేవ్ (.wav) ఫైలు మాత్రం ఎక్కదు. క్యాసెట్లు మార్పించుకునేవాళ్లకు చిక్కంతా ఇక్కడే, షాపుల్లో చేతికిచ్చేది ఎక్కువగా వేవే.

మా అమ్మ వాళ్ల నాన్న హరిదాసు. శ్రీరామనవమి పందిళ్లలో ఆయన చెప్పిన కథల్ని మేనమామ టేప్‌రికార్డర్‌లో పట్టి ఉంచాడు. వాటిని ఒక స్టూడియోలో ఇచ్చాం. క్యాసెట్‌కి ఒక్కో వైపు 45 నిమిషాలు, ఒక్కో ఫైలు 450 ఎంబీ పైనే, పేరేమో 'ట్రాక్ 01'. అదైనా సర్దుకోవచ్చు. "నాయిస్ మొత్తం తీసేశామండీ, క్లియర్‌గా ఉంటుంది" అన్నాడు ఆ అబ్బాయి. ఇంటికొచ్చి పెడితే చిడతలు లేవు! గజ్జెలు లేవు. తాతయ్య "శ్రీమద్రమారమణ గోవిందో" అనగానే జనమంతా "హరి" అని అందుకోవడం బావిలోంచి వచ్చినట్టుంది. "ఇది మా నాన్న గొంతేనా?" అంది అమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. అడగకుండా శుభ్రం చేసే హక్కు వీళ్లకెవరిచ్చారు?

మామయ్య పాత టేప్ డెక్ బాగుచేయించి, టేపును చదివే హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచి, లాప్‌టాప్‌కి కలిపి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ పట్టాం. ఏదీ తీసేయలేదు. మైకు కీచుమనడం, ఎవరో చంటిపిల్లాడి ఏడుపు, వాటి మధ్యలో ఖంగుమంటూ చిడతలు. అమ్మ ఆ రాత్రి రెండు వైపులా విని గానీ పడుకోలేదు.

వేవ్ ఫైళ్లను ఫ్లాక్‌గా మార్చండి. సైజు దాదాపు సగానికి తగ్గుతుంది, శబ్దంలో రవ్వంత కూడా పోదు. కథ పేరు, చెప్పినవారి పేరు, సంవత్సరం ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫైలులోనే ముందే తెలుగులో రాసేయండి, ఎక్కించాక అక్కడ దిద్దే వీల్లేదు. ఎక్కించడం కంప్యూటర్ బ్రౌజర్‌లోంచే, ఫోన్ యాప్‌లో కుదరదు. వినడం ఫోన్‌లో హాయిగా వినొచ్చు, ప్రకటనలు రావు. మీ ఖాతాలో మీకు తప్ప ఇంకెవరికీ వినపడవు, బంధువులకు ఫైళ్లు విడిగా పంపాల్సిందే.

హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ తప్పనిసరి. 50,000 పాటలు ఉచితంగా దాచిన గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది కదా. ఇక స్టూడియోకి ఇవ్వక తప్పదంటే నోటితో చెప్పి ఊరుకోకండి, క్యాసెట్ డబ్బా మీద చీటీ అంటించండి: నాయిస్ ముట్టుకోవద్దు, టేపులో ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి.