నీరసపడ్డ గుండెకి వేగం తగ్గించే మందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. ఆయాసమని ఎకో తీయిస్తే ఈఎఫ్ 30 అన్నారు. రాసిన మందుల్లో ఒకటి గుండె వేగాన్ని తగ్గించేదట. అసలే ఓపిక లేని గుండెని ఇంకా నెమ్మది చేయడమేంటండీ? మొదలెట్టి పది రోజులైంది, ఇదివరకటి కంటే నీరసంగా ఉందంటున్నారు. ఆపేయమంటారా?

జవాబు: మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ముందు ఆ ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కో నొక్కుకి ఎంత శాతం రక్తం తోస్తోందన్న లెక్క) 30 సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది దాన్ని వందకి వచ్చిన మార్కులనుకుని సగం బెంగ అక్కడే పెట్టేసుకుంటారు. గుండె ఎడమ గదిలో వంద మిల్లీలీటర్ల రక్తం నిండితే ఒక్క నొక్కుకి 30 బయటికి వెళ్తోందని దానర్థం. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా మొత్తం వందా తోయదు, 55 నుంచి 70 దాకా తోస్తుంది, అంతే.

ఇక మందు. మీకొచ్చిన అనుమానమే ఒకప్పుడు డాక్టర్లందరికీ ఉండేది. గుండె వేగాన్ని తగ్గించే ఈ రకం మందుల్ని బీటా బ్లాకర్లంటారు. గుండె బలహీనపడ్డవాళ్లకి బీటా బ్లాకర్ ఇవ్వకూడదనే పాఠాల్లో చెప్పేవారు. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్, ఆయన తోటి డాక్టర్లు కలిసి గుండె బాగా పెద్దదైపోయి, కూర్చున్నా నాడి వేగంగా కొట్టుకుంటున్న ఏడుగురికి ఇచ్చి చూశారు. నెలలు గడిచేకొద్దీ వాళ్లు తేరుకున్నారు. ఏడుగురే కదా అని చాలామంది పట్టించుకోలేదు. వేలమంది మీద పరీక్షించి, మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయని తేలేసరికి 1999 వచ్చింది. లాభం అంత స్పష్టంగా కనబడేసరికి ఆ ఏడాది వెలువడ్డ రెండు పెద్ద ట్రయల్స్‌నీ అనుకున్న గడువుకి ముందే ఆపేశారు.

అటువైపు, గుండెని గట్టిగా కొట్టుకునేలా చేసే మిల్రినోన్ మాత్రల సంగతి పూర్తిగా రివర్స్. 1991లో వచ్చిన ట్రయల్‌లో అవి వాడినవాళ్లలో మరణాలు 28 శాతం పెరిగాయి. పంపింగ్ తగ్గగానే ఒంట్లో ఎడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరిగి, అలసిపోయిన ఎద్దుని ముల్లుకర్రతో పొడిచినట్టు గుండెని పొడుస్తుంటాయి. నాలుగడుగులు వేయిస్తాయి, నిజమే, కానీ నెలల తరబడి అదే పొడుపైతే కండరం ఇంకా పాడవుతుంది. బీటా బ్లాకర్ చేసేది ఆ కర్రని పక్కన పెట్టించడం. మొదట్లో కొన్ని వారాలు నీరసంగా ఉండొచ్చు, అందుకే చిన్న డోసుతో మొదలెట్టి రెండు వారాలకోసారి పెంచుతారు.

ఇంట్లో మీరు చేయాల్సిందల్లా ఒకటే: పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి కాగితం మీద రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, సాక్స్ అచ్చు కాలి మీద లోతుగా పడుతున్నా, రాత్రి ఇంకో తలగడ అడుగుతున్నా అది నీరు పడుతున్న గుర్తు, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. కళ్లు తిరిగి పడిపోతే ఫోన్లతో కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు షుగర్ లేదు. గుండెకని రాసిన మాత్ర చూసి మందుల షాపతను "షుగర్ ఎప్పటినుంచండీ?" అన్నాడు. పొరపాటు జరిగిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉందా? ఉంటే పొరపాటు కాదు, షుగర్ మందుగా మొదలై ఇప్పుడు గుండెకీ రాస్తున్న మాత్ర అది. షుగర్ మందులు గుండెకి చేటు చేయవని పరీక్షించి చూపించమని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ కంపెనీలకి చెప్పింది. చేటు కోసం వెతికితే మేలు దొరికింది! 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ వాడిన షుగర్ పేషెంట్లు గుండె బలహీనతతో ఆస్పత్రిలో చేరడం 35 శాతం తగ్గింది. 2019లో డాపాగ్లిఫ్లోజిన్‌ని 4,744 మంది మీద చూశారు, అందులో సగానికి పైగా షుగర్ లేనివాళ్లే, వాళ్లకీ అంతే మేలు జరిగింది. మీకు షుగర్ పడిపోతుందన్న భయం దాదాపు అక్కర్లేదు. మూత్రం వచ్చే చోట దురద వస్తే సిగ్గుపడకుండా చెప్పండి. వాంతులై ఏమీ తినలేకపోతున్నా, ఆపరేషన్ ఉన్నా ఆ మాత్ర వేసుకోవచ్చా అని ముందు డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: ఏడాదిన్నర కిందట నా ఈఎఫ్ 25. ఇప్పుడు 55, మెట్లు కూడా హాయిగా ఎక్కేస్తున్నాను. ఇంకా ఈ గుప్పెడు మాత్రలు అవసరమా?

జవాబు: సరిగ్గా మీలాంటివాళ్ల మీదే లండన్‌లో ఒక ట్రయల్ చేశారు. గుండె సాగి బలహీనపడి, మందులతో మళ్లీ మామూలైన 51 మంది. పాతికమందికి మందులు ఒక్కొక్కటే తగ్గిస్తూ మాన్పించారు, మిగతావాళ్లు వాడుతూనే ఉన్నారు. ఆరు నెలల్లో, మానేసిన పాతికమందిలో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. వాడుతున్నవాళ్లలో ఒక్కరికీ లేదు. అంటే మీ 55 ఆ మాత్రలు పట్టి నిలబెట్టిన 55. తాగుడు వల్లో థైరాయిడ్ వల్లో వచ్చి, ఆ కారణం పూర్తిగా పోయినవాళ్ల లెక్క కొంచెం వేరు కావచ్చు, అయినా అది మీ డాక్టర్ ఎకోలు తీయిస్తూ తేల్చాల్సిన విషయం.

ప్రశ్న: స్టెమ్ సెల్స్ ఎక్కించుకుంటే గుండె కండరం కొత్తగా పుడుతుందని ప్రకటన చూశాను. నిజమేనా?

జవాబు: ఇప్పటికైతే కాదు. స్టెమ్ సెల్స్ అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు. గుండె కండర కణాలు అసలు కొత్తగా పుడతాయా అన్నదానికి 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు భలే దారి పట్టారు. అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పెరిగింది. గుండె కణాల డీఎన్ఏలో అది ఎంతుందో కొలిచి, వాటి పుట్టిన తేదీ లెక్కగట్టారు. పాతికేళ్ల వయసులో ఏడాదికి ఒక శాతం మారుతున్నాయి, 75 వచ్చేసరికి అందులో సగం కూడా లేదు. గుండెలో స్టెమ్ సెల్స్ ఉన్నాయని ఏళ్ల తరబడి ఊరించిన పియెరో అన్వెర్సా ల్యాబ్ పేపర్లలో 31 వెనక్కి తీసుకోవాలని 2018లో ఆయన ఒకప్పుడు పనిచేసిన హార్వర్డ్ యూనివర్సిటీయే చెప్పింది.

పరిశోధన ఆగలేదు, జరుగుతోంది. ఎవరైనా మీకు ఈ చికిత్స చేస్తామంటే, ఇది రిజిస్టరైన ట్రయలేనా, ఆ నంబరు ఎంత అని అడగండి. ట్రయల్ అంటూనే మీ దగ్గర ఫీజు అడిగితే లేచి వచ్చేయండి.