బాబు చెయ్యి చేసుకుంటున్నాడని రాశావు

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంట్లో వాళ్ల నాన్న ముందు కిక్కురుమనని పిల్లాడు బడిలో తోటివాడి చెంప ఛెళ్లుమనిపించడమేమిటని అడిగావు. కోపం పిల్లలందరికీ వస్తుందమ్మా. దాన్ని ఎలా చూపించాలో మాత్రం పెద్దవాళ్లను చూసే నేర్చుకుంటారు.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. కొందరి కళ్లముందు ఒక పెద్దమనిషి గాలిబొమ్మను సుత్తితో మోది, తన్ని, తిట్టాడు. తర్వాత ఆ బొమ్మ దగ్గరికి వదిలితే, ఆ పిల్లల్లో చాలామంది అదే సుత్తి అందుకున్నారు, అవే మాటలన్నారు. 1965లో వచ్చిన మరో ప్రయోగంలో, కొట్టినవాడికి శిక్షపడటం చూసిన పిల్లలు కాస్త తగ్గారు. తీరా చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే, వాళ్లూ మిగతా వాళ్లలాగే అంతా చేసి చూపించారు. భయం వల్ల దాచుకున్నారు, అంతే. మీవాడు నాన్న ముందు నోరెత్తకపోవడమూ అలాంటిదేనని నా నమ్మకం.

బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిలో ఎవరైనా బండి అడ్డం పెడితే అల్లుడు అద్దం దించి ఏమంటాడో, స్టీరింగు మీద ఎలా గుద్దుతాడో నేను చూశాను. వెనక సీట్లో బాబూ చూశాడు. తిట్టు తెలుగులో ఉన్నా కన్నడంలో ఉన్నా వాడికి అందేది ఆ గొంతే. ఇక బాబు జారిపడితే మీ అత్తగారు "నిన్ను పడేసిందా? ఉండు, దీని పని చెబుతా" అని నేలను చరుస్తారు. ప్రేమతోనే, కాదనను. కానీ నొప్పి కలిగితే ఎదుటిదాన్ని కొట్టాలని వాడికి అర్థమవుతోంది. ఇకమీద పడినచోట ఊది, నిమిరితే చాలు.

వాడు మళ్లీ చెయ్యెత్తితే నువ్వు మాత్రం కొట్టకు. కొట్టడం తప్పని కొట్టి చెబితే వాడు నేర్చుకునేది దెబ్బే. చెయ్యి పట్టుకుని ఆపు, "కొట్టనివ్వను" అను. ముందు దెబ్బ తిన్న పిల్లాడిని దగ్గరికి తీసుకో, తర్వాత "నాది నాకివ్వు" అని అడగడం బాబుచేత పలికించు. కారులో అల్లుడు కూడా "నాకు కోపమొచ్చింది, ఒక్క నిమిషం ఆగుతాను" అని పైకే అనాలి. కోపాన్ని ఆపుకోవడం కూడా వాడికి కనిపించాలి కదా.

ఏ వేళలో, దేనికోసం కొడుతున్నాడో టీచరును అడిగి రాసిపెట్టుకో. కొన్ని వారాల్లో తగ్గకపోతే పిల్లల డాక్టరుకు ఆ కాగితం చూపించు. అత్తగారితో నేల సంగతి నువ్వు ఎత్తకు, ఆదివారం నేనే ఫోను చేసి మాట్లాడతాను.

ఇట్లు,
పెద్దమ్మ