అల్జినేట్ ముందే గట్టిపడుతోందా? నీళ్లు చూడు
కావలి డెంటల్ క్లినిక్‌లో పళ్ల అచ్చు తీసే అల్జినేట్ పొడి నీళ్లతో కలిపి ట్రేలో పెట్టేలోపే గట్టిపడిపోతోందనీ, డాక్టరుగారు రోజూ నిన్నే అంటున్నారనీ రాశావు. నీ చేతిలో తప్పేం లేదు చెల్లీ, ఎండాకాలం ట్యాంకు నీళ్లే కారణం. ఒంగోలులో ఇదే పని మొదలుపెట్టినప్పుడు మొదటి మే నెలలో నాకూ ఏడుపొచ్చింది. నీళ్ల వేడి 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం దాదాపు ఒక నిమిషం తగ్గుతుంది, ఇక నీకు కలపడానికి మిగిలేదెంత చెప్పు! ఒక సీసా నీళ్లు ఫ్రిజ్‌లో పెట్టుకుని, మామూలు నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గరకు తెచ్చుకో, రబ్బరు గిన్నె కూడా ఆ చల్లనీళ్లలో కాసేపు ఉంచి తుడిచి వాడు. టైమ్ కలిసొస్తుందని నీళ్లు ఎక్కువ పోసి పలచగా మాత్రం కలపొద్దు, ఇంప్రెషన్, అంటే పళ్ల అచ్చు, చిరిగిపోతుంది. డబ్బా మీద ఫాస్ట్ సెట్ (త్వరగా గట్టిపడే రకం) అని ఉంటే రెగ్యులర్ తెప్పించమని అడుగు. మూత గట్టిగా పెట్టు, మన వైపు సముద్రపు గాలికి పొడి తేమ పీలుస్తుంది. ఇంప్రెషన్ తీశాక కడిగి, డిస్ఇన్ఫెక్ట్ చేసి, తడి గాజ్ చుట్టి 10, 15 నిమిషాల్లో స్టోన్ (పళ్ల నమూనా చేసే జిప్సం ముద్ద) పోసెయ్, అచ్చు ఆరిందంటే కుంచించుకుపోయి కొలతలే మారిపోతాయి. రేపు చల్లనీళ్లతో ఒకటి కలిపి చూసి ఎలా వచ్చిందో చెప్పు.